తులసి కాని తులసి

లోకమునందలి కలహములలో సగము వస్తువులను గూర్చినవి కావనియు, వస్తువులకు మనము పెట్టుకొన్న పేరులను గూర్చినవే యనియు మాకు చిరకాలముగా తోచుచున్నది. ఇందుకు నిదర్శనముగా నేడు చదువరుల యెదుట నుంచదలచినది రాజకీయ వివాదము కాదు, మతసిద్ధాంతము కాదు. గుప్పెడాకు. పెరటిలో మొలచి, చట్టిలో బడి, ఒక్క యింటిలో పదునొకండు దినములు రెండు పొయ్యిలను వెలిగించిన గుప్పెడాకు.

ఈ యాకునకు పట్టణపు టంగళ్లలో థాయి బేసిల్ అని పేరు. కాడ ఊదారంగు. ఆకు కొనదేలి, నునుపై, మన తులసియాకు కంటె కొంచెము పెద్దదిగా నుండును. నలిపి ముక్కుకడ బెట్టుకొన్నచో మొదట సోంపు వాసన, దాని వెనుక లవంగపు ఘాటు. శాస్త్రజ్ఞులు దీనిని ఓసిమమ్ బసిలికమ్ అను జాతిలో నొక రకముగా నెన్నుదురు. లినేయసు పండితుడు 1753లో నా జాతికి ఆ పేరు పెట్టెను. పేరు విన్నవెంటనే ఇది యేదో ద్వీపాంతరపు మొక్క యని భ్రమ కలుగును గాని, ఈ జాతితో తెలుగువారి చుట్టరికము పాతదే. వేసవిలో మనము నీళ్లలో నానవేసి త్రాగు సబ్జా గింజలు ఈ జాతి మొక్క గింజలే. దీనినే మనవారు రుద్రజడ యనియు, భూతులసి యనియు, విభూతిపత్రి యనియు నాయా తావులలో వ్యవహరింతురు.

మా గూడూరు నిమ్మకాయల యూరు. ఇచ్చటి యంగడినుండి బస్తాలకొలది నిమ్మకాయలు దూరప్రాంతములకు పోవుచుండును. చెన్నపట్టణమునుండి విజయవాడకు పోవు రైలుదారిలో రేణిగుంట మార్గము చీలునది యిచ్చటనే. ఎండకాలమున రైలు దిగిన బాటసారి యెవడైనను మొదట వెదకునది నిమ్మరసపు బండి. నిమ్మరసములో చక్కెరయు, చిటికెడుప్పును, చెంచాడు సబ్జాయును పడవలసినదే. నల్లని యా గింజ నీట బడిన పావుగంటకే చుట్టును తెల్లని జిగురు పొర గప్పుకొని చేపకంటివలె నుబ్బును. మా యూరి పిల్లలలో దాని నెఱుగనివాడు లేడు. కాని ఆ గింజ యే మొక్కదో, ఆ మొక్క యాకు రుచి యెట్టిదో అడిగినచో, పెద్దలలో గూడ చెప్పగలవారు తక్కువ. బిడ్డను ఒడిలో గూర్చుండబెట్టుకొని, తల్లిని వాకిట నిలువబెట్టినట్లున్నది మన వ్యవహారము.

పేరుల విషయమున జాతుల స్వభావము కొంత బయటపడును. యవనులు ఈ మొక్కను రాజసంబంధమైనదని పిలిచిరి. బసిలికమ్ అను మాటకు మూలమదియే. పారసీక భాషలో సబ్జ యనగా పచ్చనిది. గింజకు మన మెరువు తెచ్చుకొన్న పేరు అచ్చటిది. మన సంస్కృత నిఘంటుకారులు ఈ కుటుంబమునకు పేరులు పెట్టుటలో పిసినితనము చూపలేదు. అమరకోశమున వనౌషధివర్గము తిరుగవేసినచో పర్ణాసము, కఠింజరము, కుఠేరకము, అర్జకము అని వరుసగా గానవచ్చును. ఇన్ని పేరులున్నను, వాడుకలోనికి వచ్చునప్పటికి మనము ఈ మొక్క దగ్గరి చుట్టమునకు పెట్టినది కుక్కతులసి యను పేరు. ఒకడు రాజు పేరు పెట్టెను. ఇంకొకడు కుక్క పేరు పెట్టెను. మొక్క మాత్రము ఇద్దరి పెరటిలోను ఒక్కతీరుననే వాసన నిచ్చుచున్నది.

ఇక మా యింటి సంగతి. మా బావమఱది సింగపూరులో నుద్యోగము చేయుచున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు అచ్చటి థాయి భోజనశాలలలో తాను తిన్న కూరలను వర్ణించి, ఆ యాకు మన సబ్జాకు దాయాది యని మా యమ్మాయితో జెప్పిపోయెను. ఆ పిల్ల మఱునాడే వంటింటి సబ్జా డబ్బానుండి చిటికెడు గింజలు దీసి, పాత నూనెడబ్బాలో మట్టి నింపి చల్లినది. వారము తిరుగకమునుపే మొలకలు వచ్చెను. తరువాత చెన్నపట్టణము పోయినప్పుడు మేము ఒక కట్ట థాయి యాకు గొని తెచ్చితిమి. దాని కాడలను నీటిగ్లాసులో నుంచగా పది దినములలో వేళ్లు దిగెను. వానిని వేఱొక డబ్బాలో నాటితిమి. రెండును ప్రక్కప్రక్కన పెరిగెను. అంగడి సబ్జానుండి మొలచినదాని కాడ పచ్చన, వాసన మెత్తన. కొని తెచ్చినదాని కాడ ఊదా, వాసన సూటియైనది. అయినను రెండింటిని చూచినవాడు అక్కచెల్లెండ్రని చెప్పగలడు.

వంట మాట. ఈ యాకు పెట్టు నియమములు కొన్ని కలవు. పూత పట్టనీయరాదు, మొగ్గ తల యెత్తినప్పుడెల్ల గిల్లివేయవలెను, లేనిచో మొక్క తన బలమంతయు గింజకు బోసి ఆకును మఱచును. కోసిన యాకును శీతలపేటికలో దాచరాదు, చలికి నల్లబడిపోవును. కత్తిపీటకు బెట్టి తఱుగుటకంటె వ్రేళ్లతో త్రుంచుట మేలు. కరివేపాకువలె తిరుగమోతలో మొదటనే వేయరాదు. చట్టి దించిన పిమ్మట వేసి మూతపెట్టవలెను. ఆ యావిరికే దాని సారమంతయు దిగును. కరివేపాకు నూనెకు లోబడి తన గుణము నిచ్చును. ఇది మర్యాద కోరు నతిథివలె చివర వచ్చి, వచ్చిన వెంటనే గుర్తింప బడవలెనని కోరును.

మా గృహిణి దీనితో మొదట వండినది రొయ్యల కూర. సముద్రము మాకు దగ్గర, పులికాటు సరస్సు దూరము గాదు, రొయ్యలకు కొదవలేదు. అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు నూఱి నూనెలో వేచి, పసుపును ఉప్పును రొయ్యలును జేర్చి, చిక్కని కొబ్బరిపాలు పోసి ఒక్క పొంగు రానిచ్చి దించి, రెండు గుప్పిళ్ల యాకును త్రుంచి వేసి, మా యూరి నిమ్మకాయ యొకటి పిండినది. గరమసాలా వేయలేదు. వేసినచో ఆ సందడిలో ఈ యాకు గొంతు వినబడదు. వేచిన వంకాయలలోను, దోసకాయ పెరుగుపచ్చడిలోను ఇది చక్కగా నమరును. నెల్లూరి చేపల పులుసులో మాత్రము దీనికి చోటు లేదు. చింతపండు, మామిడికాయ ముక్క, మెంతి మూడును గూడి మఱునాటికి పక్వమునకు వచ్చు నా పులుసు తనంతట తాను నిండినది. ఇంకొక వాసన కది తలుపు తీయదు.

రొయ్యల కూర వడ్డించిననాడు మా తల్లిగారును పంక్తిలో నుండిరి. వారికి డెబ్బది నాలుగేండ్లు. శనివారమును ఏకాదశియు దప్ప వారికి చేపలును రొయ్యలును నిషేధము లేదు. కూర బాగున్నదనిరి. రెండు ముద్దలు తినిరి. అంతలో మా యమ్మాయి ఉబ్బితబ్బిబ్బై, “అవ్వా, అందులో వేసింది థాయి తులసి. నేనే పెంచినాను” అన్నది.

మా తల్లిగారి చేయి కంచములోనే నిలిచిపోయెను. “తులసా? రొయ్యల్లోనా?” అని మాత్రము అనిరి. కోపింపలేదు; కోడలి నొక మాట యనలేదు. లేచి చేయి కడుగుకొని తులసికోట యెదుట చాలసేపు గూర్చుండిరి. మఱునాడు తెల్లవారుసరికి వసారాలో ఒక చిన్న పొయ్యి, ఒక గిన్నె, ఒక చెంబు. వారి వంట వారిది.

తులసిని గూర్చి తెలుగింటి యిల్లాలి భావము తెలియనివారికి ఇది చాదస్తముగా దోచవచ్చును. కార్తిక శుక్ల ద్వాదశినాడు కోటలో నుసిరికొమ్మ నాటి, దీపములు వెలిగించి, ఆ మొక్కకు పెండ్లి చేయు నింటిలో, తులసి యనగా ఆకు గాదు. ఇంటి పెద్ద యాడుబిడ్డ. అట్టిదానిని కొబ్బరిపాలలో నుడికించితిమన్న మాట ఆమె చెవిని బడినది. మేము సంస్కృతము చదివినవారమగుటచే గ్రంథమును శరణు జొచ్చితిమి. చరకసంహిత సూత్రస్థానమున నిరువదియేడవ యధ్యాయము అన్నపానవిధి. అందు హరితవర్గమున, అల్లము ముల్లంగి మొదలగు వాని నడుమ, సురసము చెప్పబడినది. సురస మనగా తులసియే. దగ్గు, ఎక్కిళ్లు, శ్వాస మొదలైనవానిని హరించునని దాని గుణము. సుశ్రుతుడు సురసాదిగణమని యొక గణమునకే దాని పేరు పెట్టెను. ఇదియంతయు తల్లిగారికి వివరించితిమి. సయాములో, అనగా 1939లో థాయిలాండను పేరు దాల్చిన దేశములో, మూడు విధముల తులసులు వంటకు వాడుదురనియు, అందు హోరపా యనునది మన పెరటిలోనిదనియు, మేంగ్‌లక్ అనునది రుద్రజడకును కుక్కతులసికిని బుట్టిన సంకరమనియు, దాని గింజలను వారును మనవలెనే నానవేసి తీపివంటలలో దిందురనియు, కప్రావ్ అనునది సాక్షాత్తు మన కోటలోని తులసి జాతియే యనియు, దానిని వారు మిరపకాయలతోను మాంసముతోను వేచి తిందురనియు జెప్పితిమి.

మా తల్లిగారు ఆసాంతము వినిరి. విని యిట్లనిరి: “నాయనా, ఆ చరకులవారు క్షీరాబ్ధి ద్వాదశికి దీపం పెట్టినారో లేదో నాకు తెలియదు. మా అత్త నాచేత పెట్టించింది. యాభై ఏండ్లుగా నేను పెడుతున్నాను. ఆ దేశంవాళ్లు తింటే వాళ్లకు దోషం లేదు. వాళ్లు దానికి మొక్కలేదు గదా. నేను మొక్కినాను.”

తులసితీర్థము పుచ్చుకొనుట లేదా, దగ్గు వచ్చినప్పుడు మిరియాలతో కషాయము గాచుట లేదా యని మేము మఱల నడిగితిమి. “తీర్థం వేరు, మందు వేరు, నాలుక కోసం తినడం వేరు” అని వారి యుత్తరము.

ఈ మాటను మేము చిన్నది చేయజాలము. ఇందు అజ్ఞానము లేదు, విభాగము కలదు. వస్తువు ఒక్కటే యైనను, దానిని చేరు మనస్సు వేఱైనచో క్రియ వేఱగునని యామె యన్నది. ఎదుటివారి దేశాచారమును నిందింపలేదు. తన మ్రొక్కును విడువలేదు. మన సంస్కర్తలలో బలువురు ఈ రెండవ భాగమును మాత్రమే చూచి మూఢత్వమని పేరు పెట్టుదురు. మొదటి భాగము కనులకు దోపదు.

ఇరుగుపొరుగువారి తర్కము వేఱుగా నుండెను. అన్యదేశపు టాకు మన వంటింటికి తగదని యొక పెద్దమనిషి మాకు హితవు చెప్పెను. ఆయన యింటిలో మిరపకాయ లేని దినము లేదు. మిరప అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కోడగామా కళ్లికోటకు వచ్చిన తరువాతనే, పోర్చుగీసువారి యోడలలో అది మన తీరము చేరినది. చరకునికిని సుశ్రుతునికిని మిరపకాయ తెలియదు. వారి కారము మిరియము. నేడు మిరప లేని ఆంధ్రభోజనమును ఊహింపుమన్నచో ఎవరైన నవ్వుదురు. కావున పరదేశపు వస్తువనుట వాదము గాదు. నాలుగువందల యేండ్లు ఓపిక పట్టినచో పరదేశపుది స్వదేశపుదగును. పెద్దమనుషుల కంత యోపిక లేకపోవుటయే చిక్కు.

పది దినములు గడచెను. గ్రంథములును పురాణములును వసారాకును నడవకును మధ్య రాకపోకలు సాగించుచుండెను. పదవనాటి రాత్రి మా గృహిణి, “ఏమండీ, మీకు చరకులున్నారు, అత్తమ్మకు పురాణాలున్నాయి. రెండు పొయ్యిల గిన్నెలూ తోమింది నేను” అన్నది. సంస్కార విషయకములైన వాదములు జరుగునప్పుడు వాని ఖర్చు నెవరి ఖాతాలో వ్రాయుచున్నారో చదువరులు కొంచెము విచారింపవలెను. ఆ రాత్రినుండి గిన్నెలలో సగము మా వంతు.

పదునొకండవనాడు మా యమ్మాయి మమ్మొక ప్రశ్న యడిగెను: “నాన్నా, అవ్వకు మనమీద కోపమా, లేక భయమా?” మేము బదులు వెదకుచుండగనే ఆ పిల్ల పెరటిలోనికి బోయి, కోటలోని దొకటియు డబ్బాలోని దొకటియు రెండాకులు దెచ్చి అవ్వ రెండు చేతులలోను బెట్టినది. “వాసన చూడవ్వా” అన్నది.

తల్లిగారు కోటలోని యాకును చూచి కన్నుల కద్దుకొనిరి. రెండవదానిని నలిపి మూర్కొనిరి. మరల మూర్కొనిరి. వారి మొగము మాఱెను. “ఇది రుద్రజడ గదటే! మా అమ్మ దీన్ని మరువంతో దవనంతో కలిపి కదంబం కట్టేది. సోంపు వాసన. దీన్ని తులసి అని ఎవరు చెప్పినారు మీకు?”

తులసికి లవంగపు వాసన నిచ్చునది యూజెనాల్ అను పదార్థము. ఈ యాకునకు సోంపు వాసన నిచ్చునది మిథైల్ చావికాల్ అనునది. రసాయనశాస్త్రజ్ఞులు యంత్రములతో దీర్చు భేదమును డెబ్బది నాలుగేండ్ల నాసిక ఒక్క శ్వాసలో దీర్చినది. తగవు మొక్కది గాదు, పేరుది. ఆంగ్లేయులు ఈ కుటుంబమున కంతకును బేసిల్ అను నొక్క మాటయే వాడుదురు. దానిని మనవారు తులసి యని తెనిగించుకొనిరి. వారి భాషలో నది పొరపాటు గాదు. వారికి మ్రొక్కు మొక్కయు వంట మొక్కయు నను భేదము లేదు. మన భాషలో భేదమున్నది, రెండు పేరులున్నవి. ఉన్న పేరును మఱచి ఎరువు పేరు తెచ్చుకొన్నచో, దానితో గూడ ఎరువు కలహమును దెచ్చుకొనుటయే యగును.

పండ్రెండవనాడు వసారాలోని పొయ్యి అటకెక్కెను. తల్లిగారు రెండు నిబంధనలు పెట్టిరి: కోటలోని తులసి యాకొక్కటియు చట్టిలో పడరాదు, డబ్బాలోనిదానిని మా యింట తులసి యని పిలువరాదు. రెంటికిని అంగీకరించితిమి. వారిప్పుడు దోసకాయ పెరుగుపచ్చడిలో దానిని అడిగి వేయించుకొందురు. రొయ్యలలో వేసినచో మాత్రము, “నాకు వేయకమునుపే తీసిపెట్టమ్మా” అని కోడలితో జెప్పుదురు. ఆమె తీసిపెట్టును. పంక్తి యొక్కటే, పొయ్యి యొక్కటే.

ఈ కథ వలన మాకు గలిగిన యాలోచన యిది. ఆచారములు రెండు విధములు. తన చేతిని తాను వెనుకకు దీసికొను నాచారము ఒకటి. ఎదుటివాని చేతిని వెనుకకు నెట్టు నాచారము మఱియొకటి. శనివారము చేపలు తినకుండుట, తులసిని వండకుండుట మొదటి తెగ. నీ చేతి నీళ్లు త్రాగము, నీ ప్రక్కన గూర్చుండము, నీ వండినది ముట్టము అనునవి రెండవ తెగ. మన దేశమున వేఱు పొయ్యిలు ఆకుల వలన బుట్టలేదు. పుట్టుకల వలన బుట్టినవి. సంస్కర్త తన బలమంతయు రెండవ తెగపై బ్రయోగింపవలెను. మొదటి తెగతో బెట్టుకొన్నవాడు ముసలితల్లులను గెలుచును గాని, దేశమును గెలువడు. మేము పనిచేయు పాఠశాలలో మధ్యాహ్నమున పిల్లలందఱు నొక్క వరుసలో గూర్చుండి ఒక్క గుండిగలోని యన్నము దిందురు. అందు ఒకనికి గ్రుడ్డు పడదు. ఒకతె యేదో వారమున పులుపు తినదు. వారిని మేము బలవంతపెట్టము. కాని ప్రక్కవాని నుండి కంచము జరుపుకొనువాని యెడల ఊరకుండము. ఈ రెంటికిని భేదము తెలిసిన గురువు చేత పిల్లలు చెడరు.

ఇంకొక మాట. కట్టకు ఇన్ని రూపాయలని చీటీ యంటించి అద్దాల యంగడిలో నమ్ముదాక ఈ యాకు మనకు కలుపుమొక్క. చీటీ చూచినపిదప దివ్యౌషధము. ఇట్లు మన పెరటిలో నింకెన్ని రుద్రజడలు పేరు మఱవబడి పడియున్నవో! వానిని గుర్తింపవలెనన్నచో పరదేశయాత్ర చేయనక్కఱలేదు. ఇంటిలో ముసలివారున్నప్పుడే ఆకు దెచ్చి వారి చేతిలో నుంచి, వాసన చూడుమని యడిగినచో జాలును. ఆ నాసికలు ఎల్లకాలము మన యింట నుండవు.

రాబోవు వేసవిలో చదువరులు నిమ్మరసమునకై సబ్జా నానవేయునప్పుడు, చిటికెడు గింజలు మిగిల్చి పాత డబ్బాలో మట్టిపై జల్లుదురుగాక. పైన మట్టి యెక్కువ కప్పనక్కఱలేదు; తడి యాఱకుండ జూచిన జాలును. వారములో మొలచును, నెలన్నరకు కూరకు వచ్చును. చట్టి దించినపిమ్మట మాత్రమే వేయుడు. పిలుచునప్పుడు దాని పేరుతోనే పిలువుడు.